ముండ్లమూరిలో మా నీడతోట

మావారు ఉపాధ్యాయులగుటచే మేము ఏ యూరను స్థిరముగా నిలిచినవారము కాము. కాపురము మార్చునపుడెల్ల మంచములు, బీరువా, పుస్తకముల పెట్టెలు, అత్తగారి రుబ్బురోలు కూడ లారీ కెక్కును గాని పెరటిలోని మొక్కలు మాత్రము ఎక్కవు. మల్లెపొద, కరివేపచెట్టు, ముద్దమందారము - ఇట్లు మేము పెంచి పెద్దచేసి వెనుక విడిచినవి పలుచోట్ల గలవు. ముండ్లమూరిని విడుచునాడు మాత్రము తోటలో సగము అచటనే యుంచి, సగము గుడ్డసంచిలో వేసికొని రాగలిగితిమి. ఈ యుపాయము మాకు నేర్పిన మొక్కను మేము నేటికిని కన్నులార చూడలేదు. అది యెట్లో సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముండ్లమూరు ప్రకాశము జిల్లాలో, దర్శికిని అద్దంకికిని నడుమ నుండు మండలకేంద్రము. 2019వ సంవత్సరము జూన్ నెలలో మే మచటికి పోయితిమి. పేరులోనే ముండ్లున్న యూరికి పోవుచున్నామని బంధువులు పరిహాస మాడిరి. దారి పొడుగునను చిల్లచెట్లు ముండ్లతో స్వాగత మిచ్చుట నిజమే. గాని నాగార్జునసాగరు కుడికాలువ నీరందిన చోట పచ్చని వరియు, అందని చోట మిరప, కంది, పొగాకు, ప్రత్తియు కన్నుల కింపుగానే యుండెను. మేము దిగిన నాడే ప్రక్కయింటివారు పాలు పొంగించుకొనుటకు పాలతోపాటు గిన్నెను గూడ తెచ్చి యిచ్చిరి. మా గిన్నెలు ఇంకను మూటలలోనే యుండెను.

అచటి లోటు ఒక్కటే, నీరు. దర్శి, కనిగిరి ప్రాంతముల భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చని చిరకాలముగా తెలిసిన సంగతి. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టుటయు, ఎముకలు బిరుసెక్కి వంగుటయు కలుగును. కావున మేమును ఇరుగుపొరుగువలెనే శుద్ధిచేసిన నీటిని 20 లీటర్ల క్యానులతో కొని త్రాగుచుంటిమి. బోరునీరు స్నానమునకును అంట్లకును మాత్రమే. ఆ నీరు కాచిన గిన్నె యడుగున సున్నమువంటి తెల్లని పొర కట్టును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినపుడు ఆ బోరు కూడ దమ్ము పట్టిన ముసలివానివలె ఆగి ఆగి పోసెడిది. ఇట్టి యింట నీటిచుక్క విలువ ఎంతటిదో స్త్రీలకు వేరుగ చెప్ప నక్కరలేదు.

మేమున్న యింటికి ఉత్తరపు వైపున పది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు గల నేల యుండెను. ఒకవంక ఇంటిగోడ, ఒకవంక ప్రహరీ, పైన వేపచెట్టు. ఉదయము కొంచెముసేపు తప్ప యెండ సోకదు. అచట మల్లె నాటితిమి. ఆకులే గాని మొగ్గ లేదు. బంతి నాటితిమి, బక్కచిక్కి, సాగి, పడిపోయెను. తుదకా చోటు విరిగిన కుర్చీలకును పాత డబ్బాలకును నిలయ మయ్యెను.

మా వదినగారు, అనగా మావారి అక్కగారు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కాపుర మున్నారు. 2021వ సంవత్సరము వేసవిలో ఆమె తన యింటి వెనుక చెట్లనీడలో పెరిగిన మొక్కల చిత్రములను ఫోనులో పంపిరి. చూచి ఆశ్చర్యపడితిమి. కొన్ని ఆకులు తమలపాకంత, కొన్ని విస్తరంత; ఒకటి నీలము కలిసిన పచ్చన, ఒకటి బంగారువన్నె, మరియొకటి తెల్లని జరీయంచు దిద్దినట్లు. ఎండ సోకని చోట నింత శోభయా!

"దీని పేరేమి వదినా?" యని అడిగితిమి.

"హోస్టా. ప్రక్కయింటావిడ తన పొదను చీల్చి నాకొక ముక్క యిచ్చినది. అదే యిప్పుడు పదునొకండు పొదలైనది. మంచు పడగానే చచ్చినట్లు మాయమగును. ఏప్రిల్ రాగానే నేల చీల్చుకొని లేచును మరదలా!" యని యామె చెప్పిరి.

మావారు బడి గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకములను జూచి మరికొంత తెలిసికొంటిమి. హోస్టాలకు జన్మస్థానము చీనా, కొరియా, జపాను దేశములు. 1812వ సంవత్సరమున ట్రాటినిక్ అను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు, స్వదేశీయుడే యగు హోస్ట్ అను మరియొక శాస్త్రజ్ఞుని గౌరవార్థము ఈ పేరు పెట్టెను. జపానులో వైద్యుడుగా నుండిన సీబోల్డు 19వ శతాబ్దిలో అనేక రకములను ఐరోపాకు చేర్చెను. నేడు వేలకొలది రకములు గలవు. జపానువారు కొన్నింటి లేతమొలకలను కూరగా వండుకొందురు. న్యూజెర్సీలో జింకలు రాత్రివేళ వచ్చి వదినగారి పొదలను మేసిపోవుచుండెనట. ఆ మాట విని మా అత్తగారు, "అయితే నా కూతురు కణ్వాశ్రమములోనే కాపుర మున్నదన్నమాట" అని నవ్విరి.

ఈ మొక్కకు విత్తనము పుట్టును గాని, విత్తనమున బుట్టిన పిల్లకు తల్లి యాకులోని రంగులు సామాన్యముగా రావు. కావున పొదను విభజించి నాటుటయే నమ్మకమైన మార్గము. మొలకలు పైకి వచ్చి ఆకు విప్పకమునుపే పొదను త్రవ్వి తీసి, ప్రతి ముక్కకును మొలకయు వేరును దక్కునట్లు పదునైన కత్తితో కోసి, మునుపున్న లోతుననే నాటి నీరు పోయవలయును.

"వచ్చునపుడు ఒక్క ముక్క తెచ్చిపెట్టుము వదినా" యని యాశపడి అడిగితిమి. ఆమె, "అట్లు తేరాదు" అనిరి. అది సత్యమే. అనుమతిపత్రమును, మొక్కకు తెగులు లేదను ఆ దేశపు ధ్రువపత్రమును లేక విదేశపు మొక్కలను తేగూడదని 2003వ సంవత్సరపు ఉత్తరువు గలదు. వేరునంటిన మట్టిలో ఒక పురుగు వచ్చినను మన పొలములకు ముప్పు గదా. తెచ్చినను అది ముండ్లమూరిలో బ్రదుకదు. శీతకాలమున కొన్ని వారములపాటు గట్టి చలి సోకి నిద్రించిన గాని హోస్టా మరుసటి యేడు సరిగా చిగురింపదు. మా ఊర పుష్యమాసపు చలి దుప్పటి కప్పుకొనుటకు చాలును గాని, హోస్టాను నిద్రపుచ్చుటకు చాలదు.

ఆ యాకులపై మా మనసు పోవుట కనిపెట్టి అత్తగారొకనాడు సూటిగా నడిగిరి: "అమ్మాయీ! పూవు తలలోనికి రాదు, ఆకు కూరకు రాదు. త్రాగ నీరు కొనుక్కొను ఊరిలో అట్టి మొక్కకు నీరు పోయుట ధర్మమేనా?"

ఆమె పెండ్లియైన క్రొత్తలో దిగుడుబావినుండి నెత్తిన నొకటి, చంకన నొకటి బిందెలు మోసిన మనిషి. మేము కాళిదాసుని చదివినవారము గావున, చెట్లకు నీరు పోయక తాను త్రాగని శకుంతలను సాక్ష్యము పిలిచితిమి. "ఆమె ప్రక్కన మాలినీనది పారుచుండెను. నీ ప్రక్కన బోరు మోటారున్నది" అని యత్తగారు లోనికి పోయిరి. ఆ మాట మాకు చురుక్కుమనెను. కాని యందు తప్పు పట్టుటకేమియు లేదు.

ఆ ప్రశ్నను అనేక దినములు ఆలోచించితిమి. హోస్టా యందలి గొప్పతన మేమి? ఆకు అందమే కాదు. కష్టకాలము రాగానే నేలలోనికి పోయి, ఎవ్వరిని ఏమియు నడుగక నిద్రించుట. ఆ దేశమున కష్టకాలము చలి. మన దేశమున కష్టకాలము దప్పిక. చలికి నిద్రించు మొక్క మనకు రాదు సరే. దప్పికకు నిద్రించు మొక్కలు మనకు లేవా? నీరున్న నెలలలో నీడను పచ్చగా నింపి, నీరు లేని నెలలలో దుంపయై పండుకొను మొక్క దొరకెనా, అత్తగారి ధర్మమును మా యాశయు రెండును నిలుచును.

అట్టివి వెదకగా మూడు కనబడెను. మొదటిది మన చేమ. ఎండాకాలమున మట్టిపెళ్లవలె పడియుండి, వానపడగానే ఏనుగుచెవులవంటి యాకులు విప్పును. దుంప కూరకు వచ్చును. రెండవది కలాడియము. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన చేమజాతి. గులాబి, ఎరుపు, తెలుపు చుక్కలతో ఆకే పూవువలె నుండును. గోదావరి తీరమందలి కడియము నర్సరీల మొక్కలను బండిపై అమ్మవచ్చినవాని యొద్ద మూడు తొట్లు కొంటిమి. మా పొరుగువారు దానికి రంగుచేమ యని పేరు పెట్టిరి. మూడవది నేలసంపెంగ, లిల్లీ యనియు అందురు. ఇది మెక్సికోనుండి వచ్చినది. వృక్షశాస్త్రమున హోస్టాయు, నేలసంపెంగయు, పొలముగట్ల కంచెగా పెంచు కిత్తనారయు దగ్గరి చుట్టములే. హోస్టా రాకున్నను దాని పినతల్లిబిడ్డ మన పూలబుట్టలో నెన్నటినుండియో యున్నదని తెలిసి మిక్కిలి సంతసించితిమి. నేలసంపెంగ నీడలో పూయదు గావున దానిని వాకిట ఎండలో నుంచి, తక్కిన రెండింటిని ఉత్తరపు నేలకు కేటాయించితిమి.

2022వ సంవత్సరము జూన్ నెలలో తొలకరి పడగానే పని మొదలిడితిమి. నల్లమట్టి నీటిని పట్టియుంచి దుంపను కుళ్ళించును. కావున ఇసుకయు, మాగిన పశువుల యెరువును కలిపి మడిని జానెడు ఎత్తు చేసితిమి. మడి యంచున మార్కాపురము పలకరాతి ముక్కలను నిలిపితిమి. తొల్లి బడిపిల్లల పలకలు ఆ రాతితోనే చేసెడివారు గావున ఉపాధ్యాయుని యింటి మడికి అదియే తగిన గట్టని మావారు మెచ్చుకొనిరి. చేమదుంపలను మూరెడు ఎడముగను, కలాడియము దుంపలను జానెడు ఎడముగ రెండంగుళముల లోతునను నాటితిమి.

నీటికి అత్తగారే శాసనము చేసిరి. మొక్కలకై మోటారు వేయరాదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని ప్రొద్దుట ఒక బిందెలో పట్టవలెను; అదియే మడికి. సబ్బునీరు కొబ్బరిచెట్టునకు. వాననాడు డాబా గొట్టము క్రింద డ్రమ్ము పెట్టవలెను. ఒకమారు ఇంట పండుగ సందడిలో శాసన ముల్లంఘించి వారముదినములు బోరునీరు పోసితిమి. కలాడియము ఆకుల అంచులు కాగితము కాలినట్లు మాడెను. ఉప్పునీటికి ఆ మొక్క ఓర్వలేదు. అత్తగారు దానిని చూచి ఏమియు ననలేదు. ఆ మౌనమే చాలెను.

శ్రావణము వచ్చునప్పటికి ఆ మూల గుర్తింపరానట్లు మారిపోయెను. వెనుక చేమ, ముందు రంగుచేమ. కాని యిచ్చటనే మేమొక పెద్ద పొరపాటు చేసితిమి. సోదరీమణులు తప్పక గమనింపవలయును. చేమను కలాడియమును ఒక్క మడిలో కలిపి నాటరాదు. కలాడియములో ప్రతి భాగమును విషమే. చేమలోను దురద పుట్టించు సూదులవంటి స్ఫటికములు గలవు గాని, చింతపండు వేసి బాగుగ నుడికించినచో తినదగును. కలాడియము ఎంత వండినను తినదగినది కాదు. రెండింటను కాడ ఆకు నడుమకే యంటుకొనుటచే ఆకారమును జూచి గుర్తించుట దుర్లభము. ఒక సాయంకాలము కరెంటు పోయినవేళ అత్తగారు చేమాకు పప్పు చేయుదమని గుప్పెడు ఆకులు కోసి కత్తిపీట ముందర కూర్చుండిరి. దీపము తెచ్చి చూతుము గదా, వానిలో రెండాకులకు ఎర్రని ఈనె! మా గుండె ఝల్లుమనెను. ఆకులన్నియు పారవేసి, ఆమె చేతులు కడిగించితిమి. ఆ రాత్రి పప్పు ఉత్తదే. మరునాడు తెల్లవారకమునుపే అత్తగారు కొంగు బిగించి చేమను ఒక్కొక్కటిగ త్రవ్వి ప్రహరీకి ఆవలికొనను వేరు మడిలో నాటుచుండిరి. నాటినుండి చేమమడి యామెది. పసిపిల్లలున్న యిండ్లలో కలాడియమును చేతికందని చోట నుంచుట మేలు.

కార్తికము గడచునప్పటికి కలాడియము ఆకులు ఒక్కొక్కటి వాలిపోవును. అపుడు నీరు మానవలెను. ఆకు పూర్తిగ ఎండిన పిదప దుంపను తీసి, మట్టి దులిపి, పొడి ఇసుకలో గాలి తగులు నీడపట్టున నుంచవలెను. చేమదుంపలను తీసినపుడు తల్లిదుంపను కూర కుంచుకొని, చక్కని పిల్లదుంపలను విత్తనమునకు దాచవలెను. నేలసంపెంగ ఆకు పండిపోయిన పిదప గడ్డను త్రవ్వి, గుత్తిగా నున్న పాయలను విడదీసి, పెద్దవానిని మరుసటి నాటునకు ఉంచవలెను. ఇవన్నియు వేసవి యంతయు చుక్క నీరడుగవు. మేము దాచిన కలాడియము దుంపలలో పదింట రెండు మూడు వడలిపోయినవి. తక్కినవి తొలకరికి కన్నులు విప్పినవి. అప్పుడే వానిని విభజింపవలెను. ప్రతి ముక్కకును ఒక్క కన్నైనను ఉండునట్లు కోసి, కోతకు కట్టెబొగ్గుపొడి యద్ది, రెండు దినములు నీడలో ఆరనిచ్చి నాటవలెను. పచ్చిగాయముతో నాటిన ముక్క కుళ్ళును. ఇట్లు మూడు తొట్లు మూడేండ్లలో మడి నిండినవి.

2024వ సంవత్సరము డిసెంబరు 21, 22, 23 తేదులలో ముండ్లమూరు ప్రాంతమున భూమి స్వల్పముగా కంపించెను. ఒక్కొక్కమారు కొలది క్షణములే. ప్రాణహాని లేకపోయెను గాని జనులు భయపడి యిండ్లనుండి వీధులలోనికి వచ్చిరి. పిల్లలు బడిగదులనుండి పరుగెత్తి వచ్చిరి. రెండవనాడు వీధిలోని స్త్రీలు కొందరు మా పెరటిలోనికి వచ్చి కూర్చుండిరి. అంతకుమునుపు మా యుత్తరపు మూలకు వచ్చినవారు తక్కువ. ఒక అవ్వ పలకరాళ్ళ నడుమ ఖాళీగా నున్న మడిని జూచి, "ఇందులో నేమి పాతిపెట్టినావమ్మా?" యని యడిగెను.

"దుంపలుండు మడి అవ్వా. అవి ఇంటిలో నిద్రించుచున్నవి. జ్యేష్ఠమున లేచును."

"భూమి యింత కదలినను లేవని నిద్ర యేమి నిద్రయమ్మా!" యని యవ్వ యనగా అందరును నవ్విరి. రెండు దినములుగ ఆ వీధిలో నవ్వు వినబడుట అదియే మొదలు. లేచునాడు తమకును ఒక్కొక్క ముక్క యీయవలెనని అందరును మాట తీసికొనిరి.

మాట యిచ్చితిమి గాని నిలుపుకొనగలమా యను సందేహము కలిగెను. ఏలయన 2025వ సంవత్సరము వేసవిలో ఉపాధ్యాయుల బదిలీలు జరిగినవి. మావారికి గిద్దలూరు వైపునకు ఉత్తరువు వచ్చెను. ఇతర సంవత్సరములైనచో మాకు ఏడుపు వచ్చెడిది. ఈమారు ఇసుకడబ్బా ముందర కూర్చుండి లెక్క పెట్టితిమి. మొక్కలు నిద్రించువేళనే మనకు ప్రయాణము తటస్థించినది! వేరు తెగుననియు, ఆకు వాడుననియు భయము లేదు. అత్తగారును మేమును కత్తి, బొగ్గుపొడి, పాతచాప పెట్టుకొని ఒక పగలంతయు దుంపలను కోసితిమి. కలాడియము నలువదియొక్క ముక్కలైనవి. ఇరువది మేముంచుకొంటిమి, ఇరువదియొకటి వీధివారికి. బేసి ముక్క ఎవరిదని మేమనుచుండగా అత్తగారే దానిని విడిచిపోవు పాలులో వేసిరి. పూవు లేని యాకునకు నీరేల యని యడిగినవారు ఆమెయే సుమా! చేమ పిల్లదుంపలను మాత్రము ఆమె స్వయముగా పంచుచు, చింతపండు తగ్గింపవలదని ప్రతివారికిని చెప్పిరి. రంగుచేమను చేమకు దూరముగా నాటుడని మేము చెప్పితిమి. అవ్వకు తొలి ముక్క యిచ్చితిమి.

గిద్దలూరు దగ్గర మేము దిగిన యింటినుండి నల్లమల కొండలు కనబడును. ఇక్కడి పెరటిలో వేపచెట్టు లేదు, గోడనీడ మాత్రమున్నది. ఆషాఢమున నాటిన యిరువది ముక్కలలో పదునాఱు మొలచినవి. నాలుగింటిని త్రవ్వి చూడగా కుళ్ళిపోయియుండెను. ఇచటి మట్టికి ఇసుక మరికొంత కలుపవలసియుండెనేమో. వచ్చు సంవత్సరము సరిచూచుకొందుము.

భాద్రపదమున ముండ్లమూరినుండి ప్రక్కయింటివారు ఫోనులో నొక చిత్రము పంపిరి. మేము ఖాళీ చేసిన యింట మరియొక ఉపాధ్యాయుని కుటుంబము దిగినదట. ఆ యిల్లాలు పలకరాళ్ళ గట్టును జూచి, ఇక్కడ నేమి పెంచెడివారని యడిగినదట. అవ్వ తన తొట్టిలోని కలాడియమును కదలించి, దుంపకు ప్రక్కన బుట్టిన రెండు పిల్లలను తెచ్చి యా మడిలో నాటించెనట. చిత్రములో రెండే యాకులు. నడుమ గులాబి, అంచు పచ్చన. దానిని న్యూజెర్సీకి పంపితిమి. వదినగారు వెంటనే, "ఇది హోస్టా కాదు గదా మరదలా, ఏ మొక్క యిది?" యని యడిగిరి.

ఉత్తరము అత్తగారే చెప్పించిరి: "మన పెరటిదేనని వ్రాయుము."